పసుపు పూసిన ఎంగేజ్‌మెంట్ లెటరు

అమలాపురంలో దశాబ్దాల తరబడి ఆడిటరు వృత్తి నిర్వహించిన నా గురుదేవులు గంగాధరం గారు కిందటి మంగళవారం ఉదయం పడక్కుర్చీలో పేపరు చదువుతూ చదువుతూనే కన్నుమూసేరు. వాళ్ళ తమ్ముడి గారబ్బాయి ఫోను చేసి "పెదనాన్న గారు పోయేరండి" అంటే, "ఎక్కడికి?" అని అడిగేను. ఆయన పోతారన్నది నా బుద్ధికి తట్టని సంగతి. అంతటి మొండిమనిషి మృత్యువు చేత కూడా ముందు షరతులు రాయించుకుని సంతకం పెట్టించుకుంటే గాని గడప దాటరని లోలోపల ఏదో నమ్మకం ఉండేది. ఫోను పెట్టేసేక చాలాసేపు వంటింట్లోనే నిలబడిపోయేను. పాలు పొంగిపోయి స్టవ్ ఆరిపోయింది.

సంస్మరణ వ్యాసమంటే పోయినవారిని సద్గుణరాశి, సౌజన్యమూర్తి, అజాతశత్రువు అని కీర్తించాలని నాకూ తెలుసు. గంగాధరం గారు సౌజన్యమూర్తి కారు. అజాతశత్రువు అసలే కారు. ఆయనకి శత్రువు కానివాణ్ణి చూడాలంటే గోదావరి దాటి వెళ్ళాలి. ఎదుటివాడు తెలివితక్కువగా మాట్లాడితే కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టేసేవారు. నిన్ను చూడ్డం కూడా దండగ అని దాని తాత్పర్యం. అటువంటి మనిషి కోసం నేను ఏడుస్తున్నాను. ఆయన కోసం ఏడుస్తున్న తక్కిన ఊరిని చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండిపోతోంది.

ఎందుకు మండుతోందో చెబుతాను. దహనం రోజున శ్మశానం గేటు దగ్గర బుల్లబ్బాయి గారు నా పక్కకొచ్చి నిలబడ్డారు. ఆయన రాజోలు వైపు రొయ్యల రైతుల సంఘానికి ప్రెసిడెంటు. సంఘానికి ఒక ఐసు ఫ్యాక్టరీ ఉంది. మనిషి మహా మర్యాదస్తుడు. కొత్త తువ్వాలుతో కళ్ళొత్తుకుని, నిట్టూర్చి, గొంతు తగ్గించేరు.

"మహానుభావుడండి. అలాంటోరు మళ్ళీ పుట్టరండి బాబూ."

"అవునండి," అన్నాను.

"మరి మా సంఘం ఆడిటు ఇక మీరే చూసిపెట్టాలి అమ్మాయి గారూ. ఇప్పుడున్న ఆడిటరు గారంటే బ్యాంకోళ్ళకి గురి లేదండి, పెద్దాయన శిష్యురాలంటే ఉందండి. ఆ కాగితం గొడవ ఒక్కటి మాత్రం వద్దండి, ఆయ్. అది పెద్దాయనతోటే పోయిందనుకుందాం. మనలో మనకి కాగితాలేంటండీ!"

లోపల చితి ఇంకా పూర్తిగా అంటుకోలేదు. సంతాపసభ తామే ఏర్పాటు చేస్తున్నామనీ, ఆ సభలోనే నన్ను ఆడిటరుగా ప్రకటిస్తాననీ కూడా సెలవిచ్చేరు. దాచడం దేనికి, నాకు ఔననాలనే అనిపించింది. గురువు గారి శత్రువులందరూ నాకు వారసత్వంగా సంక్రమించేరు గాని, క్లయింట్లు సంక్రమించలేదు. ఆ సంఘం పని వస్తే నా ఆఫీసు నిలబడుతుంది. రాకపోతే తాళం వేసి కాకినాడలో ఎవరి దగ్గరో జీతానికి చేరాలి. "సభనాటికి చెబుతానండి," అన్నాను. ఇక గంగాధరం గారెవరో, ఆ కాగితం గొడవేమిటో చెబితే నా ఇరకాటం మీకు బోధపడుతుంది.

ఆడిటరు పని మొదలుపెట్టే ముందు క్లయింటుకి ఒక ఉత్తరం ఇవ్వాలి. దాన్ని ఎంగేజ్‌మెంట్ లెటరంటారు. నేను చేసేదేమిటి, చెయ్యనిదేమిటి, మీరు చెయ్యవలసినదేమిటి, నాకు చూపించవలసినవేమిటి అని అందులో ఉంటుంది. ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ఇది మా వృత్తి ప్రమాణాల్లో ఉన్న మాటే. ప్రమాణాల్లో ఉన్న మాటలన్నీ మా వాళ్ళు పరీక్షకి బట్టీపట్టి, పాసైన మర్నాడు గోదాట్లో కలిపేస్తారు. గంగాధరం గారు కలపలేదు. అదే ఆయన చేసిన నేరం.

మా కోనసీమలో మర్యాదకి లోటు లేదు. ఆ మర్యాద మాటున ఎంత కంగాళీ వ్యవహారమైనా హాయిగా కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు. ఆడిటరు గారింటికి వచ్చేవాడు పుస్తకాలు తేడు. రావులపాలెం నుంచి అరటిగెల తెస్తాడు, ఆత్రేయపురం పూతరేకులు తెస్తాడు, డిక్కీ నిండా కొబ్బరి బొండాలు తెస్తాడు. "తమరికి తెలియనిదేముందండి" అంటూ మొదలుపెట్టి, సంతకం అయ్యేదాకా ఒక్క విషయం కూడా తెలియనివ్వడు. గంగాధరం గారి దగ్గర ఈ పప్పులు ఉడికేవి కావు. "గెల దింపు. సంతకం పెట్టు. పెట్టేక గెల పట్టుకుపో," అనేవారు. "మాటంటే మాటేనండి, మా వంశంలో మాట తప్పడం లేదండి" అని ఎవరైనా ఛాతీ విరుచుకుంటే, "నోటిమాటంటే రేపు మార్చుకోవడానికి వీలున్న మాట. నమ్మకం తీసుకెళ్ళి దేవుడి దగ్గర పెట్టు. నా దగ్గర కాగితాలు పెట్టు," అనేవారు. వచ్చినవాడు మొహం గంటు పెట్టుకుని, గెల భుజానికెత్తుకుని, సందు చివరున్న ఇంకో ఆడిటరు గారింటికి పోయేవాడు. అక్కడ గెలా ఉండిపోయేది, సంతకమూ అయిపోయేది.

ఆలమూరులో ఆయన బావమరిదికి రైసుమిల్లు ఉండేది. ఆ లెక్కలు ఆడిట్ చెయ్యమని పండగ భోజనాల దగ్గర అందరి ఎదుటా అడిగేడట. "నువ్వు నా భార్యకి తమ్ముడివి. నీ లెక్కల మీద నా సంతకం ప్రమాణాలకి విరుద్ధం," అని విస్తట్లో పెరుగు కలుపుకుంటూ చెప్పేరట ఈయన. అవతలివాళ్ళు మాటలు మానేసేరు. గురుపత్ని పార్వతమ్మ గారు పుట్టింటి గడప తొక్కడానికి మొహం చెల్లక ఏళ్ళ తరబడి ఉండిపోయేరు. "ఈయన నిజాయితీకి పుట్టిల్లు పోయింది నాకమ్మా," అని ఆవిడ ఒకసారి కాఫీ ఇస్తూ నాతో అన్నారు. మరి ఈయన? ఆలమూరులో పెళ్ళయినా పేరంటమైనా నిక్షేపంగా వెళ్ళి, రెండో పంక్తిలో కూర్చుని, భోంచేసి వచ్చేవారు. "భోజనానికి నిషేధం లేదు," అనేవారు. నాకు ఆ మాట ఇప్పటికీ నచ్చదు. నిజాయితీ ఆయనది, దాని బరువు మోసింది ఆవిడ.

ఇక ఐసు ఫ్యాక్టరీ సంగతి. బుల్లబ్బాయి గారి సంఘం ఆడిటుకి పిలిచినప్పుడు గంగాధరం గారు మామూలుగానే ముందు లెటరు ఇచ్చేరు. బుల్లబ్బాయి గారు చాలా నొచ్చుకున్నారు. "ఎంతమాటండీ! తమరికీ నాకూ మధ్య కాగితమా!" అన్నారు. గురువు గారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టేరు. చివరికి బుల్లబ్బాయి గారు ముహూర్తం చూపించుకుని వచ్చి, లెటరు నాలుగు మూలలా శుభలేఖకి పూసినట్టు పసుపు పూసి, తాంబూలంలో పెట్టుకుని, తూర్పు మొహంగా కూర్చుని రెండు ప్రతుల మీదా సంతకం చేసేరు. ఒక ముక్కయినా చదవలేదు. చదివినా లాభం లేదనుకోండి, అది ఇంగ్లీషులో ఉంది. గురువు గారి ఇంగ్లీషు అంటే ఒక్కో వాక్యం పి.గన్నవరం అక్విడక్టు అంత పొడుగుండేది. "తెలుగులో కూడా ఇద్దామండీ" అని నేను ఒకసారి సణిగితే, "ప్రమాణం ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే ఉండాలి. చదవలేనివాడు చదివించుకోవాలి," అన్నారు.

ఆ తరవాత కొన్నాళ్ళకి సంఘం ఆఫీసుకి వెళ్ళేం ఇద్దరం. ప్రెసిడెంటు గారి కుర్చీ వెనకాల, దేవుడి పటాల సరసన, వెండి రంగు ఫ్రేములో మా లెటరు వేలాడుతోంది. మీద చామంతుల దండ, అద్దం మీద కుంకుమ బొట్టు. నేను నిర్ఘాంతపోయేను. కొత్తగా చేరడానికి వచ్చిన ఒక రైతుకి గుమస్తా దాన్ని చూపిస్తున్నాడు. "ఆడిటరు గారు స్వయంగా రాసిచ్చేరండి. మన సంఘానికి పూర్తి పూచీ ఆయనదేనండి." ఆ ఉత్తరంలో ఉన్నది సరిగ్గా దానికి తలకిందులు. లెక్కల బాధ్యత సంఘానిది, తప్పులన్నీ పట్టుకుంటానన్న పూచీ నాకు లేదు అని ఉంది. లెటర్‌హెడ్డు బాగుంది, సంతకం బాగుంది, కాబట్టి అది అభయహస్తమైపోయింది. "దించండి దాన్ని," అన్నారు గురువు గారు. "అపచారమండి! అది మాకు దేవుడి పటంతో సమానమండి," అని బుల్లబ్బాయి గారు చెంపలేసుకున్నారు.

ఆ పూట రొయ్యల వేపుడుతో భోజనం పెట్టేరు. పుస్తకాలు మాత్రం పెట్టలేదు. గుమస్తా రాలేదన్నారు, బీరువా తాళం మనవడు ఎక్కడో పారేసేడన్నారు. ఇలాంటి పూటలు చాలా గడిచేయి. మేం వెళ్ళిన ప్రతిసారీ కూర మారింది గాని జవాబు మారలేదు. గురువు గారు సర్వసభ్య సమావేశానికి వెళ్ళి, ఫ్రేము దింపించి, ఆ లెటరు సభ్యులందరికీ చదివి వినిపించేరు. ఇంగ్లీషులో. గంభీరంగా, ఆసాంతం, ఒక్క కామా వదలకుండా. చదవడం పూర్తికాగానే సభ్యులంతా చప్పట్లు కొట్టేరు.

నవ్వొచ్చిందా మీకు? నాకు ఆరోజు రాలేదు. తమకి ఎవరూ పూచీ లేరని చదువుతోంటే వాళ్ళు అంత ఆనందంగా చప్పట్లు కొట్టేరు. ఆడవాళ్ళ వరసలోంచి నాగమణి అనే ఆవిడ లేచింది. భర్త కువైట్‌లో డ్రైవరు, ఇక్కడ చెరువు తనే చూసుకుంటుంది.

"అంటే ఏంటండీ?" అంది.

"నేను పూచీ కాదని, అమ్మా," అన్నారు గురువు గారు.

చప్పట్లు ఆగిపోయేయి. "మరైతే మీరెందుకండీ?" అంది ఆవిడ. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. గంగాధరం గారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టేరు. "అది చదువుకున్నవాళ్ళకి తెలుస్తుంది," అన్నారు. గోలయిపోయింది. పుస్తకాలు చూపించని ప్రెసిడెంటుని ఒక్కడూ ఏమీ అనలేదు. "పూచీ లేదంటాడేంటండీ, ఎంత పొగరు!" అని అందరూ ఈయన మీదే పడ్డారు. తిరుగుప్రయాణంలో కారెక్కేకే ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "ఆవిడ ప్రశ్నకి నా దగ్గర జవాబుందమ్మా. తెలుగులో లేదు," అన్నారు. ఆయన నోట ఓటమి లాంటి మాట నేను విన్నది అదొక్కసారే. ఆ తరవాతైనా తెలుగులో రాసేరా అంటే, రాయలేదు. ఆయన అహంకారం ఆయనది.

పుస్తకాలు చూపించలేదు కనక తప్పుకుంటున్నానని రాసిచ్చి బయటికొచ్చేసేరు. బుల్లబ్బాయి గారు ఊరుకుంటారా? గంగాధరం గారు నోటిమాటగా పూర్తి పూచీ ఇచ్చి, మధ్యలో వదిలేసి పారిపోయేరనీ, కాగితమంటూ ఏదీ తమకి ఎప్పుడూ ఇవ్వలేదనీ, ఆయన చూపించే ప్రతి మీది సంతకం తమది కాదనీ మా వృత్తి సంస్థకి ఫిర్యాదు పెట్టేరు. అది రుజువైతే ఆయన సర్టిఫికెట్టు పోతుంది. విచారణకి ఒకాయన వచ్చి, సంఘం ఆఫీసులోనే కూర్చుని ప్రెసిడెంటు గారిని అడిగేరు.

"లిఖితపూర్వకంగా ఏమీ ఇవ్వలేదంటారు?"

"ప్రమాణపూర్తిగా లేదండి, ఆయ్. మా మధ్య అంతా మాటే."

విచారణాధికారి తలెత్తి చూసేరు. మీటింగు రోజు దింపిన ఫ్రేముని మర్నాడే మళ్ళీ యథాస్థానంలో తగిలించుకున్నారు ఈ మహాభక్తులు. బుల్లబ్బాయి గారి తలకి సరిగ్గా పైన, కొత్త దండతో, నాలుగు మూలలా పసుపుతో, కింద ఆయన సంతకంతో లెటరు వేలాడుతోంది. విచారణాధికారి కుర్చీ ఎక్కి మొత్తం చదువుకున్నారు. ఫిర్యాదు కొట్టేసేరు. ఆ రోజు గంగాధరం గారు నాకు కాజాలు తెప్పించి పెట్టేరు. అంతకుముందు గాని ఆ తరవాత గాని ఆయన నాకేమీ తెప్పించిన పాపాన పోలేదు.

బుల్లబ్బాయి గారికి ఏమైంది అంటారా? ఏమవుతుందండీ. కొన్నాళ్ళు తమ్ముణ్ణి ప్రెసిడెంటుగా కూర్చోబెట్టి, మళ్ళీ తనే ఏకగ్రీవంగా వచ్చి కూర్చున్నారు. కొత్తగా పెట్టుకున్న ఆడిటరు గారి సంగతి కూడా చెప్పాలి. పాత ఆడిటరు ఎందుకు తప్పుకున్నారో ముందు ఉత్తరం రాసి కనుక్కుని, ఆ తరవాతే పని ఒప్పుకోవాలన్నది మా నియమం. ఆ మహానుభావుడు సంతకాలన్నీ కానిచ్చేసి, ఆ తరవాత తీరిగ్గా ఉత్తరం పంపేడు. "శవం లేచేక వైద్యుణ్ణి పిలిచేడు," అన్నారు గురువు గారు. ఆ ఏడే రొయ్య పట్టుబడి రోజుల్లో సంఘం కరెంటు బిల్లు కట్టలేదని ఐసు ఫ్యాక్టరీకి ఫీజులు పీకేసేరు. ఐసు లేక పట్టిన సరుకు పట్టినట్టే కుళ్ళిపోయింది. నాగమణిది కూడా. ఊరు ఏం చేసింది? మర్యాద తెలియని మనిషని గంగాధరం గారి దగ్గరికి రావడం మానేసింది. ఆఖరి రోజుల్లో ఆయన ఆఫీసు మెట్లెక్కేది నేనూ, కరెంటు బిల్లు ఇచ్చే కుర్రాడూ.

మెట్లెక్కని ఆ ఊరంతా మొన్న కళ్యాణమండపంలో సంతాపసభకి దిగింది. ఆ కొత్త ఆడిటరు గారు మైకు పట్టుకుని, గంగాధరం గారి అడుగుజాడలే తమకి శరణ్యమని గద్గదస్వరంతో చెప్పేరు. బుల్లబ్బాయి గారు లేచి, "ఆయనకీ నాకూ మధ్య ఏనాడూ కాగితం లేదండి. మాటే కాగితం!" అన్నారు. జనం చప్పట్లు కొట్టేరు. నేను వేదిక మీదున్న గురువు గారి ఫోటో వంక చూసేను. ఫ్రేము ఎక్కడో చూసినట్టుంది. వెండి రంగు ఫ్రేము. ఫోటో చిన్నది, ఫ్రేము పెద్దది. ఫోటో చుట్టూ నాలుగు మూలలా పసుపు కనిపిస్తోంది. సంఘం ఆఫీసులోంచి అదే ఫ్రేము పట్టుకొచ్చి, పాత లెటరు కూడా తియ్యకుండా దాని మీదే ఆయన ఫోటో అంటించి దండ వేసేరు. కాగితం లేదని చెబుతున్న మనిషి వెనకాల మళ్ళీ ఆ కాగితమే ఉంది.

అప్పటిదాకా ఔననాలా వద్దా అని కొట్టుకుంటున్న నా మనసు అక్కడ కుదుటపడింది. ముందు రాత్రే రాసుకున్న కాగితం సంచిలో ఉంది, ఇవ్వగలనో లేదో తెలియకుండానే తెచ్చుకున్నాను. "ఇక మన సంఘానికి అమ్మాయి గారే..." అని బుల్లబ్బాయి గారు అందుకోబోతుంటే మైకు తీసుకున్నాను. "గురువు గారి గురించి చెప్పడానికి నాకు వేరే మాటలు లేవండి. ఇది చదువుతాను," అని తెలుగులో చదివేను.

"లెక్కలు సక్రమంగా రాసుకోవలసింది మీరు. దొంగతనం జరక్కుండా కాపలా కాసుకోవలసింది మీరు. నేను అడిగిన ప్రతి పుస్తకమూ, ప్రతి రసీదూ చూపించాలి. అన్నీ చూడ్డం నా వల్ల కాదు, కొన్ని చూసి మిగతావి అంచనా కడతాను. కాబట్టి తప్పులన్నీ పట్టేస్తానని మాటివ్వను. చూసినదాన్ని బట్టి నాకు తోచింది చెబుతాను. చూపించకపోతే ఆ మాటే రాసి వెళ్ళిపోతాను. ఇది సమ్మతమైతే ప్రెసిడెంటు గారు కింద సంతకం చెయ్యాలి."

వెనక వరసలోంచి ఒకావిడ లేచింది. జుట్టు నెరిసింది గాని, గొంతు అదే. నాగమణి.

"మరైతే మీరెందుకండీ?"

"అడగడానికమ్మా. మీరు అడగలేని చోట మీ బదులు నేను అడుగుతాను. చూపించకపోతే, చూపించలేదని మీ ఊరొచ్చి, మీ మాటల్లోనే మీ మొహాన చెబుతాను. ఆ పైన ఏం చేసుకోవాలో మీ ఇష్టం."

ఆవిడ కూర్చోలేదు. "ఆ కాగితం మాక్కూడా ఓటి ఇప్పించండి," అంది.

బుల్లబ్బాయి గారి మొహంలో చిరునవ్వు అలాగే ఉండిపోయింది. "సంతాపసభలో ఇదేంటండి అమ్మాయి గారూ, అపచారమండి," అన్నారు. "సంతకం పెడతారా అండీ?" అన్నాను. "చూద్దాంలెండి," అన్నారు. ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు. నా ఆఫీసు ఎన్నాళ్ళుంటుందో నాకు తెలియదు. సంతకం లేకుండా మాత్రం ఆ సంఘం గుమ్మం తొక్కను.

గురువు గారూ, మీ స్థానంలో కూర్చోగల మనిషి ఈ జిల్లాలో లేరు. ఆ కాగితం రాసి, అలవాటు చొప్పున మీరు దిద్దుతారని పక్కన పెట్టేను. దిద్దే చెయ్యి లేదని గుర్తొచ్చి భోరుమని ఏడ్చేను. ప్రమాణాన్ని తెలుగులో చదివినందుకు మీరు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టేవారేమో, పెట్టండి. కాని ఒక్క సంగతి వినండి. నేను చదవడం అయ్యేక బుల్లబ్బాయి గారు అలవాటుగా జనం వంక చూసేరు. ఎవరూ చప్పట్లు కొట్టలేదండి. వాళ్ళకి అర్థమైంది.